ఇద్దరూ ఒక్కరే

ఎనిమిది వందల రూపాయల చెక్కు
అరుగు పేరు మీద వచ్చింది.
కవిత కింద ఏ పేరుంటే ఆ పేరే
రాసి పంపారు పత్రికవాళ్ళు, పాపం.

మల్లేపల్లి బ్యాంకులో అద్దం వెనక కుర్రాడు
చెక్కును అటు తిప్పి ఇటు తిప్పి
"అరుగు ఎవరు మేడం?" అన్నాడు.
"నేనే."
"ఆధార్‌లో నీరటి భూదేవి అని ఉంది కదా?"
"అదీ నేనే."
"అట్లా కుదరదు. అఫిడవిట్ తెండి,
ఇద్దరూ ఒక్కరే అని."

సగం రోజు సెలవు పెట్టి
నాంపల్లి కోర్టు గోడ పక్కన
విఠోబా టైపు మిషన్ ముందు నిలబడ్డాను.

"పూర్తి పేరు?"
"అరుగు."
"ఇంటిపేరు?"
"లేదు."
"తండ్రి పేరు? భర్త పేరు?"
"అరుగుకి లేరు."
వేళ్ళు ఆపి కళ్ళద్దాల మీంచి చూశాడు.
ముప్పై ఏళ్ళలో ఆ గడి ఖాళీగా వదలమన్నది
నేనొక్కదాన్నేనేమో.

ఎట్లా చెప్పను ఆయనకు,
ఇంటిపేరు గుమ్మం బయట విడవడానికే ఈ పేరని?
నల్లకుంటలో గది అడిగితే
అద్దె కన్నా ముందు ఇంటిపేరు అడిగారు.
విన్నాక, ఖాళీ గది నిండిపోయింది.
మొదటి కవిత పంపితే
"మీవాళ్ళ బాధలేమైనా రాయండమ్మా" అని జవాబు.
నేను రాసింది వాన గురించి.
జలమండలి కౌంటర్లో బిల్లులు కట్టించుకునే నన్ను చూసి
"నీరటోళ్ళకు తగ్గ కొలువే" అని నవ్వేవాళ్ళకు
ఆ నవ్వునే చిల్లరతో కలిపి తిరిగిచ్చాను చాలా ఏళ్ళు.

ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు రాసే ఖాదర్ వలీ సాబ్
కలం ములుకు చెక్కుకుంటూ అన్నాడొకసారి:
"తఖల్లుస్ అంటే ముసుగు కాదు బిడ్డా.
గజల్ ఆఖర్న తలుపు మూసి, తాళం వేసి
బయటికొచ్చే మనిషి.
తాళంచెవి ఎప్పుడూ ఆ మనిషి దగ్గర్నే ఉంటది."
మరి మీ తఖల్లుస్ ఏంది సాబ్ అంటే
"సిరా ఆరనీ" అని మాట దాటేశాడు.

మా నాయన ఊళ్ళో ఏ అరుగు మీదా కూర్చోలేదు.
నిలబడే మాట్లాడాడు, నిలబడే నవ్వాడు.
ఆసిఫ్‌నగర్ బస్సులో కడ్డీ పట్టుకుని
నేనూ నిలబడే ఉన్నప్పుడు
ఆ పేరు వచ్చి ఒళ్ళో కూర్చుంది.
ఇంటిదే అయినా ఇంట్లో లేనిది.
పుట్టింటికీ అత్తింటికీ వీపు తిప్పి
వీధి వైపు మొహం పెట్టింది.
అరుగు అంటే అరగడం కూడా,
కొలువుకు తిరిగిన చెప్పుల్లాగా.
పాత పద్యాల్లోనైతే వెళ్ళిపోవడం కూడా.

విఠోబా చదివి వినిపించాడు:
"నీరటి భూదేవి అనబడు నేనును, అరుగు అనబడు నేనును
ఇద్దరమూ ఒక్కరమేనని ప్రమాణపూర్వకముగా..."

ఆగమన్నాను.

ఒకామె నాలుగున్నరకు లేచి బియ్యం కడుగుతుంది.
ఇంకొకామె ఆ కడుగునీళ్ళలో ఏదో చూసి ఆగిపోతుంది.
అన్నం మాడుతుంది.
తిట్లు మొదటామెకే,
అభినందనలు రెండో ఆమెకు పోస్టులో.
ఒకరి జ్వరానికి ఇంకొకరు సెలవు చీటీ రాస్తారు.
ఒక్కరేనని ఒట్టెట్లా వేసేది?
కాదని మాత్రం ఎట్లా వేసేది?

"నోటరీ సార్ అన్నానికి పోయిండు, గంట పడ్తది"
కాగితం ఎగరకుండా స్టేప్లర్ పెట్టి అన్నాడు విఠోబా.
"ఎంతసేపని నిలబడ్తవమ్మా,
కూసో, గా అరుగు మీద."

రాయి వేడిగా ఉంది.
ఎవరో పల్లీలు తిని పొట్టు వదిలిపోయారు.
చెయ్యితో దులిపి,
కూర్చున్నాను.